వాక్పారుష్యమునకు కారాగారము తగునా?

మనస్సు, వాక్కు, కాయము అను మూడు కరణములలో వాక్కు నడిమిది. మనస్సున పుట్టిన ద్వేషము వాక్కును దాటి కాయమునకు చేరి, చేయి లేచినపుడే రాజదండము అడ్డుపడవలెనని కొందరందురు. వాక్కునందే హింస పూర్తి యగుచున్నది గావున అచ్చటనే దండింపవలెనని మరికొందరందురు. ఈ వాదము మన ధర్మశాస్త్రములంత పాతది. అయినను నేడది ప్రతి గృహమునకును వచ్చి కూర్చున్నది. ఇంటిలోని ప్రతివారి చేతిలోను ఒక ఫోను ఉండుటయే దీనికి కారణము.

పూర్వము తిట్టినవాని ముఖము కనబడుచుండెను. వీధి మొగలో తిట్టినచో వినువారు పదిమంది. ప్రొద్దు గ్రుంకువేళకు ఆ మాట గాలిలో కలిసిపోవును. అంతర్జాలమున వ్రాసిన తిట్టు అట్లు పోదు. అది అక్షరమై నిలుచును. ఒక సమూహమునుండి వేరొక సమూహమునకు పోవును. తిట్టువడిన వ్యక్తి అర్ధరాత్రి మేల్కొని చూచినను అచ్చటనే ఉండును. తిట్టినవానికి పేరుండదు, ముఖముండదు, కొన్ని వేళల ఊరును ఉండదు. ఒక స్త్రీ తన అభిప్రాయమొకటి వ్రాసినందుకు ఎన్నడును చూచి యెరుగనివారు మూకగా వచ్చి ఆమె శీలమును, తల్లిని, కులమును పేర్కొని దూషించుట నేడు వింత కాదు. అట్టివారిని చెరసాలలో వేయవలెనా అనునది ప్రశ్న.

దీనికి గృహస్థులిచ్చు సమాధానము వారు నిలుచున్న చోటునుబట్టి మారుచుండును. దూషింపబడినది తమ కుమార్తె అయినచో "వానిని జైలులో వేయవలెను" అందురు. దూషించినవాడు తమ కుమారుడని తెలిసినపుడు "కుర్రవాడు, ఏదో నాలుగు మాటలు వ్రాసినాడు, ఇంతదానికి జైలా?" అందురు. ఈ రెండు మాటలును ఒకే అరుగుమీద వినబడుచుండును. ఇరువైపులకును వర్తించు ధర్మమును శాస్త్రమునందును, నేటి చట్టమునందును కూడ వెదకవలసి యున్నది.

మన ప్రాచీన న్యాయవేత్తలు ఈ నేరమునకు వాక్పారుష్యమని పేరిడినారు. దేహమునకు చేయు హింస దండపారుష్యము. కౌటిల్యుని అర్థశాస్త్రము తృతీయాధికరణమున ఈ రెండింటికిని ప్రక్కప్రక్కనే అధ్యాయములు కలవు. పదునెనిమిదవది వాక్పారుష్యమునకు, పందొమ్మిదవది దండపారుష్యమునకు. మాట చేతికి తోబుట్టువని ఆ కూర్పే చెప్పుచున్నది. వాక్పారుష్యమును ఆయన మూడు విధములుగ విభజించెను: ఉపవాదము, కుత్సనము, అభిభర్త్సనము. అనగా లోపమునెత్తి చూపుట, నీచపరచి పలుకుట, బెదరించుట. మూడింటిని ఒకే గాటన కట్టక విడదీయుటలో ఆయన వివేకమున్నది.

ఆయన విధించిన శిక్షలను చూచినచో ఆశ్చర్యము కలుగును. ఒంటికన్నువానిని ఒంటికన్నువాడని, కుంటివానిని కుంటివాడని నిందించినచో, ఆ మాట నిజమే అయినను మూడు పణముల దండుగ. లేని లోపమును అంటగట్టినచో ఆరు పణములు. కన్ను లేనివానిని చూచి కన్నులెంత అందముగ నున్నవని పొగడ్తవలె పలికి ఎగతాళి చేసినచో పండ్రెండు పణములు. వంకర పొగడ్త సూటి తిట్టుకంటె నాలుగు రెట్లు గాయపరచునని ఆ మంత్రి ఎరుగును. నవ్వు బొమ్మలు తగిలించి ఫోనులలో పంపెడి వెక్కిరింపులను ఆయన చూచియుండలేదు గాని, వాని స్వభావమును మాత్రము చక్కగా చూచినాడు. పరస్త్రీలను దూషించినచో దండుగ రెట్టింపు. అజాగ్రత్తచేతనో, మత్తుచేతనో, మోహముచేతనో పలికినచో సగము.

బెదరింపు విషయము వేరు. ఇట్లు చేసెదనని బెదరించి ఆ పని చేయనివానికి, చేసినవానికి విధించు దండుగలో సగము. చేయు శక్తి లేనివాడును, కోపము, మత్తు, మోహము అని కారణము చెప్పుకొనువాడును పండ్రెండు పణములు చెల్లించి పోవచ్చును. కాని నిజముగ వైరము పూని, అపకారము చేయ శక్తి గలవాడు బెదరించినచో, బ్రతికినంతకాలము నిలుచు పూచీకత్తు ఇయ్యవలెను. ఈ సూక్ష్మమును గమనింపవలసి యున్నది. తిట్టుకు ధనదండము. బెదరింపు నిజమగు సూచన ఉన్నచో, అది జరుగకుండ కట్టుదిట్టము. తిట్టినవాని నోటిని కౌటిల్యుడు లెక్కించెను. బెదరించినవాని చేతిని కూడ చూచెను.

ఇచ్చట ఒక మాట దాచరాదు. ఈ అధ్యాయమునందును, స్మృతులయందును దండనము జన్మనుబట్టి హెచ్చుతగ్గులగును. తక్కువ వర్ణమువాడని చెప్పబడినవాడు పైవర్ణములవారిని దారుణముగ తిట్టినచో నాలుక కోయవలెనను విధి మనుస్మృతిలో నున్నది. ఆ భాగము మనకు ప్రమాణము కాదు, కాగూడదు. చట్టము ముందు అందరును సమానులని రాజ్యాంగము 14వ అధికరణము చెప్పుచున్నది. తిరుప్పాణాళ్వారును అవమానించిన లోకసారంగముని, స్వామి ఆజ్ఞచే ఆ ఆళ్వారునే తన భుజములపై నెత్తుకొని శ్రీరంగనాథుని సన్నిధికి తెచ్చిన కథ నెరిగిన సంప్రదాయమునకు ఈ మాట క్రొత్తగా చెప్పవలసిన పని లేదు.

వాక్పారుష్యమనగానే వైష్ణవ గృహములలో స్ఫురించు పేరు శిశుపాలుడు. నూరు తిట్లు సహించి నూటొకటవ తిట్టుకు శ్రీకృష్ణుడు చక్రము విడిచెనని పిల్లలకు కథ చెప్పుచుందురు. దుర్భాషకు ఎంత కఠినదండమైనను తగునని ఆ కథనుండి కొందరు తీర్పు లాగుదురు. వ్యాసభారతము సభాపర్వమును నిదానించి చదివినచో విషయము వేరుగ నున్నది. మేనత్తకు కృష్ణుడిచ్చిన మాట నూరు అపరాధములను క్షమింతునని. నూరు తిట్లనని కాదు. రాజులందరు వినుచుండ ఆయన ఎత్తి చెప్పిన అపరాధములేవి? తాము ప్రాగ్జ్యోతిషపురమునకు పోయినపుడు ద్వారకను కాల్చుట. రైవతక పర్వతమున విహరించుచున్న భోజులపై పడి చంపి, మిగిలినవారిని బంధించి కొనిపోవుట. వసుదేవుని యాగాశ్వమును అపహరించుట. బభ్రుని భార్యను ఎత్తుకొనిపోవుట. ఇవి మాటలు కావు, చేతలు. రాజసూయ సభలో పలికిన దుర్భాషలు ఆ చేతల వరుసకు చివర చేరినవి. స్వామి మాటను చేతతో కలిపి చూచి దండించెను గాని ఒంటి మాటను లెక్కపెట్టి కాదు. పైగా ఆ దండన ముగిసినపుడు శిశుపాలుని తేజస్సు ఆయనలోనే లీనమయ్యెను. ఏ ప్రభుత్వ కారాగారమునకును అట్టి ఫలమిచ్చు శక్తి లేదు గావున, దానిని వాడువారు మరింత జాగరూకులై యుండవలెను.

మన దేశపు చట్టము ఈ జాగరూకతను ఒకసారి కోల్పోయినది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమును 2008లో సవరించి 66ఏ అను సెక్షనును చేర్చినారు. అది 2009 అక్టోబరు 27 నుండి అమలులోనికి వచ్చినది. కంప్యూటరు ద్వారా గాని, ఫోను ద్వారా గాని మిక్కిలి అభ్యంతరకరమైన సందేశము పంపినను, అబద్ధమని తెలిసియు చికాకు, అసౌకర్యము వంటివి కలిగింప పదే పదే పంపినను మూడేండ్ల వరకు ఖైదు, జరిమానా. చదువుటకు మంచి చట్టమువలెనే యున్నది. అది ఎవరి మెడకు తగులుకొన్నదో చూడవలెను.

2012 నవంబరులో శివసేన నాయకుడు బాల్ ఠాక్రే మరణించినపుడు ముంబయి నగరము మూతబడినది. మహారాష్ట్రలోని పాల్ఘర్ అను పట్టణమున ఒక యువతి దానిని ప్రశ్నించుచు ఫేస్‌బుక్కులో కొన్ని వాక్యములు వ్రాసినది. ఆమె స్నేహితురాలు ఆ వాక్యములకు మెచ్చుకోలు గుర్తు పెట్టినది. పోలీసులు ఇద్దరిని అరెస్టు చేసినారు. ఆ వ్రాతలో బూతు లేదు, బెదరింపు లేదు. తరువాత ఆ కేసు నిలువలేదు గాని, అరెస్టు జరిగిపోయినది. అదే సంవత్సరము ఏప్రిలులో కలకత్తాలో ఒక విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ముఖ్యమంత్రిని గూర్చిన వ్యంగ్యచిత్రమును ఇతరులకు పంపినందుకు అరెస్టయినాడు. ఇంటిలో నిద్రలేక ఏడ్చుచున్న స్త్రీకొరకు తెచ్చినదనుకొన్న చట్టము, నాయకులకు కోపము వచ్చినపుడు పనిచేయ మొదలిడినది.

శ్రేయా సింఘాల్ అను యువతి సుప్రీంకోర్టునకు వెళ్ళినది. 2015 మార్చి 24న ఆ న్యాయస్థానము 66ఏ సెక్షనును రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. ధర్మాసనముపై నున్నవారు ఇద్దరు: జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ ఫాలీ నారిమన్. మొదటివారు కృష్ణాజిల్లా తెలుగువారు. తీర్పు వ్రాసినవారు రెండవవారు. చికాకునకు కొలత లేదు. ఒకనికి చికాకు కలిగించు మాట మరియొకనికి కలిగింపదు. కొలత లేని మాటపై ఖైదును నిలబెట్టరాదు. ఇది ఆ తీర్పు సారము. ఒక విషయమును చర్చించుట, దానిని సమర్థించుట, జనులను దుష్కార్యమునకు రెచ్చగొట్టుట అను మూడు మెట్లను ఆ తీర్పు వేరుచేసి చూపినది. మూడవ మెట్టుకడనే చట్టము చేయి చాపవచ్చునన్నది. కౌటిల్యుని మూడు విభాగములును ఇవియు ఒకటి కావు గాని, విడదీసి చూడవలెనను బుద్ధి ఒకటే. విచిత్రమేమనగా, కొట్టివేసిన ఆ సెక్షను క్రింద పోలీసులు ఇంకను కేసులు పెట్టుచున్నారని 2021లో సుప్రీంకోర్టు విస్మయము వెలిబుచ్చవలసి వచ్చినది. 2022 అక్టోబరులో ఎవరిపైనను ఆ సెక్షను క్రింద విచారణ సాగరాదని మరల ఆదేశించినది.

దీనిని చూచి దూషకులకు ఇక అడ్డు లేదని భయపడ నక్కరలేదు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో 78వ సెక్షను స్త్రీని వెంబడించుటను నేరముగ చెప్పుచున్నది. ఆమె అంతర్జాలమున చేయు సంచారమును పొంచి చూచుటయు అందులో చేరినది. మొదటిసారి మూడేండ్ల వరకు, మరల చేసినచో అయిదేండ్ల వరకు ఖైదు. 351వ సెక్షను బెదరింపును గూర్చినది. చంపెదనని, తీవ్రముగ గాయపరచెదనని, స్త్రీ శీలమునకు కళంకము అంటగట్టెదనని బెదరించినచో ఏడేండ్ల వరకు ఖైదు ఉండవచ్చును. పేరు దాచుకొని బెదరించినవానికి అదనముగ రెండేండ్లు. సమాచార సాంకేతిక చట్టమునందలి 66ఈ సెక్షను పరుల గోప్యమైన దేహచిత్రములను వారి సమ్మతి లేక తీయుటను, పంపుటను శిక్షించును. కులము పేరుతో నలుగురిలో దూషించుటను 1989 నాటి షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టము ఆరు నెలలకు తక్కువ కాని ఖైదుతో దండించును.

ఈ నేరములన్నింటిలోను మాటకు చేతి బలము తోడుగ నున్నది. ఒక బాలిక ముఖమును వేరొక దేహమునకు అతికించి కళాశాల వారందరికిని పంపినవాడు మాటలాడినాడా, చేయి చేసికొన్నాడా? ఆ బాలిక మరునాడు తరగతికి పోజాలదు. తండ్రి ఫోను చూచునని భయము, అన్న కొట్టునని భయము, కుదిరిన సంబంధము తప్పిపోవునని తల్లికి దిగులు. ప్రాణము తీసికొన్నవారును కలరు. ఇట్టిచోట "మాటలే కదా" అనుట క్రూరము. చంపెదనని వ్రాసి, ఇంటి చిరునామా ప్రకటించి, వాకిటి ఫోటో జతచేసినవాడు కౌటిల్యుడు చెప్పిన శక్తిగల వైరి. వీరికి కారాగారము తగును. తగినంత కాలము తగును. ఈ విషయమున మెత్తదనము దయ కాదు.

మిగిలినది, తిట్టు. కేవలము తిట్టు. ఎవడో ముక్కు మొగము తెలియనివాడు, ఏ లాభమును లేకయే ఇంకొకనిని పొద్దుటినుండి సాయంత్రమువరకు దూషించుట. ఎందుకు చేయుచున్నాడు? శ్రీవైష్ణవ సంప్రదాయము దీనికొక పేరు పెట్టియున్నది. పిళ్ళై లోకాచార్యులు శ్రీవచనభూషణమున దోషములను చెప్పుచు అకృత్యకరణము, భగవదపచారము, భాగవతాపచారము, అసహ్యాపచారము అని నాలుగింటిని ఒకదానికంటె ఒకటి క్రూరమైనదిగ నిరూపించినారు. అన్నింటికిని చివరిదైన అసహ్యాపచారమునకు లక్షణము, నిష్కారణముగ చేయుట. ధనమునకో, కామమునకో ఆశపడి చేసిన తప్పునకు ఒక మూలమైనను ఉన్నది. భగవంతుని యెడలను భక్తుల యెడలను ఊరక ద్వేషించుటకు ఏ మూలమును లేదు. ఎదుటివారి ఉనికినే ఓర్వలేకపోవుట తప్ప. ఆచార్యులు భగవద్విషయమున చెప్పినదానిని లోకవ్యవహారమునకు అట్లే అన్వయింపరాదేమో గాని, తిట్టుటలోనే సుఖమును చూచువాని మనస్సును ఇంతకంటె చక్కగా ఎవరును పట్టి చూపలేదు.

ఇంత క్రూరమైనదానికి దండము పెద్దదిగనే ఉండవలెను గదా అని అడుగవచ్చును. దోషము పెద్దదగుట ఒకటి, దానికి మందు జైలగుట మరియొకటి. భాగవతము నవమస్కంధమున అంబరీషుని కథను చూడవలెను. ద్వాదశి పారణ సమయము మించునని రాజు జలము మాత్రము సేవించెను. అతిథిగా వచ్చిన దుర్వాసుడు కోపించి, జడనుండి కృత్యను పుట్టించి అతనిపై విడిచెను. సుదర్శనము కృత్యను కాల్చి మునిని తరిమెను. ముని బ్రహ్మను శరణు వేడెను, శివుని వేడెను, వైకుంఠమునకు పోయి శ్రీహరి పాదములపై పడెను. శ్రీహరి సైతము, తాను భక్తులకు వశుడననియు, క్షమ అడుగవలసినది అంబరీషునే యనియు చెప్పి పంపివేసెను. సర్వలోక ప్రభువే అపకారము పొందినవానికి బదులుగ క్షమింపలేదు. ముని తిరిగి వచ్చువరకు సంవత్సరము గడచెను. అంతవరకు రాజు అన్నము ముట్టక వేచియుండెను.

క్షమ బాధితుని సొత్తు. న్యాయాధిపతి శిక్ష వేయవచ్చును, విడువవచ్చును. బాధపడినవారి తరఫున క్షమింపజాలడు. దూషించినవాడు చెరసాలకు పోయి వచ్చినంత మాత్రమున తాను దూషించిన వ్యక్తి యెదుట నిలిచినట్లు కాదు. ఒక విధముగ జైలుగోడ వానిని ఆ ముఖమునుండి దాచును గూడ. మరియొకవైపున, బాధితుని "క్షమింపుము, నీవు వైష్ణవుడవు" అని ఇరుగుపొరుగువారు ఒత్తిడి చేయుటయు అధర్మమే. చోళరాజు సభలో తన కన్నులు పోవుటకు కారకుడైన నాలూరానునకును తనకు లభించు పదమే కావలెనని కూరేశుడు కాంచీ వరదరాజస్వామిని కోరెనని గురుపరంపర చెప్పును. ఆ కోరిక కూరేశుని హృదయమునుండి వచ్చినది. శ్రీరామానుజులు అట్లు కోరుమని శిష్యుని ఆజ్ఞాపింపలేదు. కూరేశుని కథను చెప్పి ఏడ్చుచున్న ఆడపిల్ల నోరు మూయించువారు ఈ భేదమును గ్రహింపవలెను.

ఇక కారాగారము చేయునదేమి? 2022 సంవత్సరాంతమున మన దేశపు జైళ్ళలో 5,73,220 మంది యుండగా వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. నూరింటికి డెబ్బదియైదుగురికి పైగా తీర్పు రాకమునుపే లోపల నున్నారన్నమాట. జైళ్ళు పట్టదగిన సంఖ్యను మించి నిండియున్నవి. పందొమ్మిదేండ్ల నోటిదురుసు కుర్రవానిని అచ్చట చేర్చినచో వాడు మెత్తని మాట నేర్చుకొని వచ్చునని నమ్ముటకు ఆధారము లేదు. నోటితో మొదలిడినవాడు చేతిపనివారి సహవాసము చేసి వచ్చును. తిట్లు తిన్న వ్యక్తికి ఆ కాలమంతయు వాయిదాలు, న్యాయవాదుల ఖర్చు, ఆ మాటలనే కోర్టులో మరల మరల చదివి వినిపించుట. చదివించువారికి అది కాగితము. వినువారికి మరల తగులు దెబ్బ.

మన చట్టములలోనే వేరు దారులు లేకపోలేదు. 1958 నాటి నేరస్థుల పరివీక్షణ చట్టము చిన్న నేరములలో మందలించి విడుచుటకు, సత్ప్రవర్తన పూచీకత్తుపై విడుచుటకు, బాధితునకు నష్టపరిహారమిప్పించుటకు న్యాయస్థానములకు అధికారమిచ్చినది. చాణక్యుని పూచీకత్తుకు ఇది దగ్గరి చుట్టము. భారతీయ న్యాయసంహిత 356వ సెక్షను పరువునష్టమునకు రెండేండ్ల వరకు సాధారణ ఖైదును ఉంచుచునే, సమాజసేవను కూడ ఒక శిక్షగా చేర్చినది. 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలైన షీ టీములు పట్టుబడిన కుర్రవాండ్లలో చాలమందిని తల్లిదండ్రుల సమక్షమున కూర్చుండబెట్టి హితము చెప్పు పద్ధతిని అనుసరించినవి. కొడుకు వ్రాసినదానిని తల్లి చదివినపుడు ఆ గదిలో జరుగునది ఏ న్యాయస్థానమునందును జరుగదు.

తిట్టినవాడొక్కడే దోషియా అను ప్రశ్న ఇంకను మిగిలియున్నది. ద్యూతసభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలు పెదవి విప్పనపుడు విదురుడు ఒక ధర్మమును జ్ఞాపకము చేసెను. కశ్యపుడు ప్రహ్లాదునకు చెప్పిన ధర్మమది. నిందింపదగినదానిని నిందింపని సభలో ఆ పాపమున సగము సభకు పెద్దయైనవానికి చెందును. పావు వంతు చేసినవానిది. పావు వంతు చూచుచు మిన్నకున్న సభాసదులది. ఈ లెక్క వినగానే ఎవరికైనను తల తిరుగును. చేసినవానికంటె సభ నడపినవానికి రెట్టింపు!

నేటి సభలకు అధిపతులెవరు? ఎవరి ఇంటిలోనో కాక దూరదేశములలో కూర్చుండి, తిట్టును పదిమంది చూచినకొలది ఆదాయమును పొందెడి సంస్థలు. తిట్టునకు రాబడి గలదు. మంచిమాటకు అంత లేదు. స్త్రీల గోప్యచిత్రములపై ఫిర్యాదు వచ్చినచో 24 గంటలలోగా తొలగింపవలెనని 2021 నాటి నియమములు ఈ సంస్థలను కట్టడి చేసినవి. అది సగము పాపమునకు చాలిన ప్రాయశ్చిత్తము కాదు గాని, లెక్క మొదలైనది. కారాగారమును గూర్చి అడుగుచున్న వారందరును ఈ సగమును గూర్చి అడుగకపోవుట వింత.

సభాసదుల పావు వంతు మన ఇండ్లది. కుటుంబ సమూహములో మేనమామ పంపిన దుర్భాషకు నవ్వు గుర్తు పెట్టినవారు, "మాకెందుకు" అని దాటిపోయినవారు, చదివి ఇంకొక సమూహమునకు పంపినవారు అందరును ఆ వంతులో భాగస్వాములే. రాజసూయ సభలో శిశుపాలుడు స్వామిని దూషింపగా కొందరు చెవులు మూసికొని లేచిపోయిరని దశమస్కంధము చెప్పును. నేడు చెవులు మూసికొనుట మిక్కిలి సులభము; వ్రేలి కొన కదిపిన చాలును. అయితే లేచిపోవుట ఒక్కటే చాలదని విదురుడు. అది తప్పని అదే సభలో ఒకరు పలుకవలెను. ఆనాడు వికర్ణుడు పలికినాడు. అతడు దుర్యోధనుని తమ్ముడు.

విదురుడు ఈ ధర్మమును చెప్పుటకు ఎత్తుకొన్న కథ ఉద్యోగపర్వమున మరల వచ్చును. ప్రహ్లాదుని కుమారుడు విరోచనుడు, అంగిరసుని కుమారుడు సుధన్వుడు కేశిని అను కన్యయెదుట కలిసికొనిరి. తనతో సమానముగ కూర్చుండుటకు నీవు తగవు, నీకు పీటయో దర్భాసనమో చాలునని విరోచనుడు ఆక్షేపించెను. సుధన్వుడును తగిన మాటయే అనెను. ఎవరు శ్రేష్ఠులో తేల్చుకొనుటకు విరోచనుడు బంగారము, గోవులు, అశ్వములు పందెమొడ్డగా, అవి నీకే ఉండనిమ్మని సుధన్వుడు ప్రాణములనే పణముగ పెట్టించెను. తీర్పు చెప్పుటకు పోయినది ప్రహ్లాదుని కడకే. తండ్రి కొడుకు పక్షము చెప్పలేదు. సుధన్వుడే శ్రేష్ఠుడనెను. అపుడు విరోచనుని ప్రాణము సుధన్వుని చేతిలో నున్నది.

సుధన్వుడు దానిని తీసికొనలేదు. పుత్రస్నేహమునకు లోబడక ధర్మము పలికితివి గావున నీ కుమారుని నీకే ఇచ్చితిననెను. అయితే ఊరక విడువలేదు. విరోచనుడు తన పాదములు కడుగవలెను. అదియు కేశిని సన్నిధిలో కడుగవలెను. ఎవరి యెదుట మాట తూలెనో వారి యెదుటనే ఆ మాట దిగివచ్చవలెనని అతని కోరిక. ప్రాణముకంటె చిన్నది, క్షమాపణ పత్రముకంటె పెద్దది.

వేయిమంది గల సమూహములో ఒక ఉపాధ్యాయురాలిని దూషించిన విద్యార్థి ఆమెకు మాత్రము ఏకాంతమున "క్షమింపుడు" అని సందేశము పంపి ఊరకున్నచో, కేశిని లేనిచోట పాదములు కడిగినట్లే యగును. ఆ వేయిమంది చదువునట్లు, తన పేరుతో, తాను వ్రాసినది అబద్ధమని అదే సమూహములో వ్రాయవలెను. ఆమె అంగీకరించినచో ఆమె యెదుటకు పోయి నిలువవలెను. అందుకు వాని తండ్రి వెంట రావలెను. ప్రహ్లాదుడు వచ్చినట్లు, కొడుకు తరఫున వాదించుటకు కాక. ఆమె అంగీకరింపనిచో ఆమె ఇష్టము. పోలీసు ఠాణాకు పోవుటకు ఆమెకు అప్పుడును హక్కు కలదు, ఆ తిట్టులో బెదరింపు ఉన్నచో పోయితీరవలెను కూడ. పోవునపుడు కోపముచే ఆ సందేశములను తుడిచివేయరాదు. తేదీ, సమయము, పంపినవాని గుర్తు కనబడునట్లు భద్రపరచి చూపవలెను.